ఒంటికి పడని లోహం

చెవి కమ్మ, బెల్టు బకిల్, తాళికి తగిలించిన పిన్నీసు, తడి సిమెంటు.. వీటన్నింటికీ ఉన్న సంబంధమేంటి? అన్నీ చర్మాన్ని తాకేవే. అన్నింటిలోనూ లోహం ఉంటుంది. కొందరి ఒంట్లోని రక్షణ కణాలు ఆ లోహాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఒకసారి గుర్తుపెట్టుకున్నాయంటే ఇక మరచిపోవు.

కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర. గుడి చుట్టూ గాజులు, గొలుసులు, జుంకాల అంగళ్లు. మీ అమ్మాయి ముచ్చటపడి ఓ జత కమ్మలు కొనిపించుకుందనుకోండి. పెట్టుకున్న రోజు ఏమీ కాలేదు. మర్నాడు సాయంత్రానికి చెవి తమ్మె ఎర్రబడింది. మూడో రోజుకు విపరీతమైన దురద, రసి. ఇంట్లో పెద్దవాళ్లు ‘వేడి చేసింది’ అన్నారు. పక్కింటివాళ్లు ‘గాలి పట్టింది’ అన్నారు. కొబ్బరినూనె రాశారు. కమ్మలు తీసేస్తే వారం పదిరోజుల్లో తగ్గింది. మళ్లీ పెడితే మళ్లీ మొదలు.

అదే వీధిలో ఉండే తాపీమేస్త్రిది ఇంకో రకం బాధ. అరచేతులు బిరుసెక్కి, వేళ్ల సందులు చీలిపోయి, అన్నం కలుపుకొంటే పులుసు మంట. పని మానేసి పండక్కి ఇంటికొచ్చినప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. తిరిగి విశాఖో హైదరాబాదో వెళ్లి సిమెంటు ముట్టుకోగానే తిరగబెడుతుంది.

ఇద్దరిదీ ఒకే జబ్బు. దీన్నే వైద్యులు ‘అలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్’ అంటారు. అంటే తాకటం వల్ల వచ్చే అలర్జీ చర్మశోథ. అమ్మాయి విషయంలో కారణం నికెల్. మేస్త్రి విషయంలో క్రోమియం. ‘అది నాకు పడదు’ అని మనం మాటవరసకు అంటుంటాం. నిజానికి ఈ జబ్బుకు ఇంతకన్నా సరైన పేరు లేదు.

ఒరుపు వేరు, అలర్జీ వేరు

చర్మం మీద మంట పుట్టించేవన్నీ అలర్జీలు కావు. ముందు ఈ తేడా తెలియాలి. పలాస వైపు జీడిపిక్కలు ఒలిచేవారిని అడిగి చూడండి. పిక్క తొక్కలోని జీడి నూనె చేతికి తగిలితే ఎవరికైనా చర్మం కాలినట్టు నల్లబడి, ఊడొస్తుంది. ఎక్కువసేపు సబ్బునీటిలో చేతులు నానినా, యాసిడ్‌తో బాత్రూమ్ కడిగినా అంతే. ఇది నేరుగా జరిగే గాయం. ఎవరికైనా రావొచ్చు. తగిలిన కొద్దిసేపటికే మొదలవుతుంది, తగిలినంత మేరకే ఉంటుంది.

అలర్జీ అలా కాదు. పదిమంది ఒకే అంగట్లో ఒకేరకం కమ్మలు కొంటే, తొమ్మిదిమందికి ఏమీ కాదు. పదో మనిషికి మాత్రం చెవి పుండవుతుంది. అదీ వెంటనే కాదు. ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత. కొన్నిసార్లు తాకిన చోటును దాటి పక్కకూ పాకుతుంది. ఈ ఆలస్యమే అసలు కారణం మన కంట పడకుండా చేస్తుంది. సోమవారం పెట్టుకున్న నగకు బుధవారం దద్దు వస్తే మనం మంగళవారం తిన్న వంకాయ కూరను అనుమానిస్తాం!

చెమటతో మొదలు

నికెల్ గట్టి లోహం. మరి గట్టి లోహం చర్మంలోకి ఎలా వెళుతుంది? దారి చూపేది చెమట. చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ తడికి నగ ఉపరితలం నుంచి నికెల్ కొంచెం కొంచెంగా కరిగి, కంటికి కనిపించని విద్యుదావేశ కణాలుగా అంటే అయాన్లుగా బయటికొస్తుంది. ఇవి ఎంత చిన్నవంటే చర్మం పైపొర సందుల్లోంచి లోపలికి ఇంకిపోగలవు. మన కోస్తా గాలిలోని ఉక్క, ఎండాకాలపు చెమట దీనికి మరింత తోడ్పడతాయి. చలికాలంలో ఊరుకున్న దద్దు వేసవిలో విజృంభించటానికి ఒక కారణం ఇదే.

చాలా గిల్టు నగలకు పైన కనిపించే బంగారు రంగు పలుచని పూత మాత్రమే. పూత నున్నగా, మెరుస్తూ ఉండటానికి కొన్నింటిలో దాని కింద నికెల్ పొర వేస్తారు. రాపిడికీ చెమటకీ పైపూత అరిగిపోగానే నికెల్ నేరుగా చర్మానికి తగులుతుంది. ‘కొన్న కొత్తలో బాగానే ఉంది, ఆర్నెల్ల తర్వాత దురద మొదలైంది’ అని చాలామంది చెప్పేది ఇందుకే.

కణాల్లో ఏం జరుగుతుంది?

మన చర్మం పైపొరను ఇటుక గోడలా ఊహించుకోండి. ఇటుకలు కెరటినోసైట్లు అనే కణాలు. వాటి మధ్య కొవ్వు పదార్థాలు సిమెంటులా పనిచేస్తాయి. చాలాకాలం ఈ కణాలను వట్టి గోడే అనుకున్నారు. ఇవి కాపలా కూడా కాస్తాయని తర్వాత తెలిసింది. లోపలికొచ్చిన నికెల్ తమను ఇబ్బంది పెట్టగానే కెరటినోసైట్లు ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఊళ్లో దొంగలు పడితే వేసే కేకలాంటిది ఇది.

ఈ కేక విని కదిలేవి ఇంకో రకం కణాలు. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్యవిద్యార్థి చర్మంలో చేతులు చాచినట్టుండే కొత్త కణాలను గుర్తించాడు. వాటిని నాడీ కణాలనుకున్నాడు. నిజానికి అవి రక్షణ వ్యవస్థకు చెందినవి. ఇప్పటికీ వాటిని లాంగర్‌హాన్స్ కణాలనే పిలుస్తాం. ఇవీ, వీటి బంధువులైన డెండ్రైటిక్ కణాలూ నికెల్ అంటుకున్న ప్రొటీన్లను పట్టుకుని, చర్మం వదిలి, దగ్గర్లోని లింఫు గ్రంథులకు ప్రయాణం కడతాయి. అక్కడుండే టి కణాలకు ‘ఇదిగో, దొరికింది వీడే’ అని చూపిస్తాయి.

లక్షల రకాల టి కణాల్లో ఏవో కొన్నింటికే ఆ ఆనవాలు సరిపోతుంది. సరిపోయిన కణాలు పెరిగి పెద్ద దండుగా మారతాయి. దీనికి సుమారు పదిరోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోపు మీకు బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కానీ లోపల జ్ఞాపకం తయారైపోయింది. దీన్ని తొలిదశ అనుకోవచ్చు.

రెండో దశ ఆ తర్వాతెప్పుడో. అది వచ్చే నెల కావొచ్చు, పదేళ్ల తర్వాత కావొచ్చు. మళ్లీ నికెల్ తగలగానే జ్ఞాపకమున్న టి కణాలు అక్కడికి చేరుకుని దాడి మొదలుపెడతాయి. వాటి దాడికి గురయ్యేది లోహం కాదు, మన సొంత చర్మ కణాలే. కెరటినోసైట్ల మధ్య నీరు చేరి అవి ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. అదే మనకు కనిపించే నీటిపొక్కు. రక్తనాళాలు వెడల్పై ఎర్రదనం వస్తుంది. ఇదంతా జరగటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది కాబట్టే దద్దు ఆలస్యంగా కనిపిస్తుంది. దాడి ముగిశాక కూడా కొన్ని టి కణాలు ఆ చోటునే కాపురం పెట్టేస్తాయి. మళ్లీ వచ్చినప్పుడు అదే చెవి తమ్మె, అదే బొడ్డు కింది భాగం ముందుగా దురదపెట్టటం వెనకున్న రహస్యం ఇదే.

ఎలుకలు చెప్పిన రహస్యం

నికెల్ ఇంతమందికి ఎందుకు పడదన్నది చాలాకాలం చిక్కుముడే. ప్రయోగశాలలో ఎలుకల చర్మానికి నికెల్ పూస్తే మనకొచ్చినట్టు అలర్జీ రాదు. మరి మనకే ఎందుకు?

2010లో జర్మనీ శాస్త్రవేత్తల బృందం దీనికి జవాబు చెప్పింది. మన రక్షణ కణాల మీద టీఎల్ఆర్4 అనే గ్రాహకం ఉంటుంది. దీని అసలు పని కొన్ని రకాల బ్యాక్టీరియాల పైపొర తగిలితే కనిపెట్టి హెచ్చరించటం. మనిషి టీఎల్ఆర్4లో ఒకచోట హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. నికెల్ అయాన్ సరిగ్గా వాటికి అతుక్కుంటుంది. అంతే, బ్యాక్టీరియా ఏదీ రాకపోయినా గంట మోగుతుంది. ఎలుకల టీఎల్ఆర్4లో ఆ చోట ఆ హిస్టిడిన్లు లేవు. కాబట్టి వాటికి నికెల్‌తో గంట మోగదు. శాస్త్రవేత్తలు మనిషి గ్రాహకాన్ని ఎలుకల్లో పెట్టి చూస్తే వాటికీ నికెల్ అలర్జీ వచ్చింది. కోబాల్ట్ కూడా ఇదే గ్రాహకాన్ని మేల్కొలుపుతుందని తర్వాత తేలింది.

ఇందులో మనం తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇది శుభ్రత లేక వచ్చే జబ్బు కాదు. రక్తం చెడిపోయి వచ్చేదీ కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. పెళ్లి సంబంధాలు చూసే ఇంట్లో అమ్మాయి మెడ మీద మచ్చను దాచిపెట్టాల్సిన పనే లేదు. మరి గ్రాహకం అందరికీ ఉన్నా అలర్జీ కొందరికే ఎందుకు? ఎంత నికెల్, ఎంతకాలం తగిలింది, చర్మం గోడ ఎంత గట్టిగా ఉంది, టి కణాల్లో ఏవి ఎదురుపడ్డాయి అన్నవన్నీ కలిసి దీన్ని నిర్ణయిస్తాయి. చర్మానికి గట్టిదనాన్నిచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ లోపం పుట్టుకతో ఉన్నవారికి, పొడిచర్మం గలవారికి ముప్పు కాస్త ఎక్కువ.

ఆడవాళ్లకే ఎక్కువెందుకు?

యూరప్ దేశాల్లో జనం మీద చేసిన పరిశీలనల్లో నికెల్ అలర్జీ మహిళల్లో పదిశాతానికి పైగా కనిపిస్తే, పురుషుల్లో అంతకన్నా చాలా తక్కువగా ఉంది. ఇది స్త్రీ చర్మంలోని లోపం కాదు. చెవులు కుట్టించుకోవటమే ప్రధాన కారణం. కుట్టిన రంధ్రంలో చర్మం గోడ ఉండదు. పచ్చిపుండుకు లోహం నేరుగా, రాత్రింబవళ్లు, వారాల తరబడి ఆనుకుని ఉంటుంది. అలర్జీ మొదలవటానికి ఇంతకన్నా అనువైన దారి లేదు.

కాబట్టి పాపకు చెవులు కుట్టించే రోజు పెట్టే తొలి పోగు చాలా ముఖ్యం. అక్కడ గిల్టు పోగు పెట్టి ‘పుండు మానాక బంగారం పెడదాం’ అనుకోవటం తిరగేసిన లెక్క. ముందు 22 క్యారెట్ల బంగారం పెట్టి, పుండు పూర్తిగా మానాక మిగతావి ఆలోచించాలి. తమ్మె మానటానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. ముక్కుపుడకకైతే ఇంకా ఎక్కువ సమయం కావాలి.

ఎక్కడెక్కడ దాగుంటుంది?

దద్దు ఎక్కడుందో చూస్తే చాలావరకు దొంగ దొరుకుతుంది.

చెవి తమ్మెలు: కమ్మ బంగారందే అయినా వెనకుండే శీల వేరే లోహానిది కావొచ్చు. శీల పోతే అంగట్లో దొరికిన గిల్టు శీల బిగించటం మనకు మామూలే.

మెడ, రొమ్ము మధ్య: ఇక్కడ చాలామంది తడబడతారు. ‘నాది మేలిమి పుస్తెలతాడు, ఎందుకు దురద?’ అని అడుగుతారు. ఆ తాడుకు వేలాడుతున్న నాలుగు పిన్నీసుల సంగతి మరచిపోతారు! చీర కుచ్చిళ్లకు పనికొస్తాయని తాళికీ, గాజులకూ పిన్నీసులు తగిలించుకోవటం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. వీటిలో చాలావాటికి నికెల్ పూత ఉంటుంది. చెమటలో నాని రోజంతా ఒంటికి రాసుకుంటాయి.

బొడ్డు కింద: జీన్స్ ప్యాంటు గుండీ, బెల్టు బకిల్. పిల్లల్లో ఇక్కడ నల్లగా, గరుకుగా మచ్చ కనిపిస్తే ముందు ప్యాంటు గుండీని అనుమానించాలి. మొలతాడుకు కట్టే తాయెత్తునూ ఓసారి చూడండి.

మణికట్టు: వాచీ గొలుసు, వాచీ వెనక మూత, గాజులు, కడియాలు.

కాళ్లు: జర్మన్ సిల్వర్ పట్టీలు, మట్టెలు. పేరులో సిల్వర్ ఉన్నా ఇందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకుల మిశ్రమమిది. పాదం పైభాగంలో చెప్పు పట్టీ ఆకారంలో దద్దు వస్తే తోలు శుద్ధికి వాడే క్రోమియం కారణం కావొచ్చు.

ముక్కు పక్క, చెవి వెనక: లోహపు కళ్లజోడు ఫ్రేము.

మరి మన బుడితి ఇత్తడి, కంచు పాత్రల సంగతి? సారవకోట మండలంలోని ఈ ఊరి లోహకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇత్తడి ప్రధానంగా రాగి, జింకుల మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం. వీటివల్ల చర్మ అలర్జీ రావటం నికెల్‌తో పోలిస్తే చాలా అరుదు. అలాగే స్టీలు గిన్నెల్లో నికెల్ ఉన్నా అది గట్టిగా బంధించుకుని ఉంటుంది. గరిటె పట్టుకున్నంత మాత్రాన చేతికి దద్దు రాదు.

మేస్త్రి చేతులకు రక్ష

సిమెంటు రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. తడి సిమెంటు ఘాటైన క్షారం. దాని పీహెచ్ 12కు పైనే ఉంటుంది. ఇది చర్మం గోడను కొరికేస్తుంది. ఆ చీలికల్లోంచి సిమెంటులో కొద్దిపాళ్లలో ఉండే క్రోమియం లోపలికి వెళుతుంది. క్రోమియంలో రెండు రూపాలు ముఖ్యం. ఆరు వేలన్సీ ఉన్న రూపం నీటిలో తేలిగ్గా కరిగి చర్మంలోకి దూసుకుపోతుంది. లోపల అది మూడు వేలన్సీ రూపంలోకి మారి, ప్రొటీన్లకు అతుక్కుని, టి కణాల కంట పడుతుంది. ఇక కథ నికెల్ లాంటిదే.

దీనికి సులువైన విరుగుడు ఉంది. సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కొద్దిగా కలిపితే చొరబడే క్రోమియం చొరబడలేని రూపంలోకి మారిపోతుంది. డెన్మార్క్ 1980ల తొలినాళ్లలోనే దీన్ని అమలు చేసింది. యూరోపియన్ యూనియన్ 2005 జనవరి నుంచి సిమెంటులో కరిగే ఆరు వేలన్సీ క్రోమియం పది లక్షల పాళ్లకు 2 పాళ్లు మించకూడదని నియమం పెట్టింది. ఆ తర్వాత అక్కడ కొత్త కేసులు తగ్గాయి. నికెల్ విషయంలోనూ అంతే. డెన్మార్క్ 1990లో, యూరోపియన్ యూనియన్ 1994లో నగల నుంచి విడుదలయ్యే నికెల్‌కు హద్దు పెట్టాయి. తర్వాత పెరిగిన యువతుల్లో అలర్జీ తగ్గింది. అంటే ఇది తలరాత కాదు, తప్పించగలిగిన జబ్బు.

మన జిల్లా నుంచి ఎందరో భవన నిర్మాణ పనులకు వలస వెళుతుంటారు. మీ ఇంట్లోనో, మీ ఇల్లు కట్టేవారిలోనో అలాంటివారుంటే ఈ మాటలు చెప్పండి. క్రోమియం అలర్జీ ఒకసారి ముదిరితే పని మానేసినా ఏళ్లతరబడి వేధించగలదు. కాబట్టి మొదట్లోనే జాగ్రత్త పడాలి.

* చేతులతో సిమెంటు కలపొద్దు. పొడవాటి రబ్బరు లేదా నైట్రైల్ గ్లవుజులు, లోపల నూలు గ్లవుజులు వేసుకోవాలి.
* తోలు గ్లవుజులు వద్దు. అవి తడి సిమెంటును పీల్చుకుంటాయి, పైగా తోలులోనూ క్రోమియం ఉండొచ్చు.
* గ్లవుజు లోపలికి సిమెంటు పోతే వెంటనే తీసి కడుక్కోవాలి. లోపల ఉండిపోతే గ్లవుజు లేనిదానికన్నా ప్రమాదం.
* కాంక్రీటులో నిలబడేటప్పుడు గమ్‌బూట్లు తప్పనిసరి. తడిసిన ప్యాంటుతో రోజంతా ఉండొద్దు.
* పని అయ్యాక మామూలు నీటితో, తేలికపాటి సబ్బుతో కడుక్కుని వాసెలిన్ వంటిది పూయాలి. కిరోసిన్‌తో, ఇసుకతో రుద్దొద్దు.

తామర అనుకుంటే మోసమే

ఎర్రటి మచ్చ, దురద కనిపించగానే చాలామంది మందుల దుకాణానికి వెళ్లి ‘తామర క్రీము’ అడుగుతారు. అక్కడిచ్చే చాలా గొట్టాల్లో ఫంగస్ మందు, యాంటీబయోటిక్, బలమైన స్టిరాయిడ్ మూడూ కలిపి ఉంటాయి. స్టిరాయిడ్ వల్ల రెండ్రోజుల్లో దురద తగ్గుతుంది. హమ్మయ్య అనుకుంటాం. నగ మాత్రం తీయం. మానేయగానే మళ్లీ వస్తుంది. మళ్లీ క్రీము. ఇలా నెలలు గడిస్తే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు పైకి తేలతాయి, చారలు పడతాయి. ఒకవేళ అది నిజంగా తామరే అయితే స్టిరాయిడ్‌తో మరింత పాకుతుంది. ఎటు చూసినా నష్టమే.

చిన్న తేడా గమనించండి. తామర మచ్చ అంచుల్లో ఎర్రగా, మధ్యలో మానినట్టు, ఉంగరం ఆకారంలో ఉంటుంది. అలర్జీ దద్దు తాకిన వస్తువు ఆకారాన్ని అనుసరిస్తుంది. గొలుసు ఉన్నచోట గీతలా, గుండీ ఉన్నచోట గుండ్రంగా. అయితే ఇది ఆనవాలు మాత్రమే. నిర్ధారణ చర్మవైద్యులే చేయాలి.

వీపు మీద పరీక్ష

లోహ అలర్జీని తేల్చే పరీక్ష ప్యాచ్ టెస్ట్. దీనికి 1895లో యోసెఫ్ యాడసోన్ అనే చర్మవైద్యుడు దారి వేశాడు. నేటికీ మూలం అదే. నికెల్, క్రోమియం, కోబాల్ట్ వంటి పదార్థాలను తగిన మోతాదుల్లో చిన్న చిన్న బిళ్లల్లో ఉంచి వీపు మీద అంటిస్తారు. 48 గంటలు ఉంచి తీసి చూస్తారు. మరో రెండ్రోజుల తర్వాత మళ్లీ చూస్తారు. అలర్జీ ఉన్న చోట చిన్న ఎర్రటి దద్దు కనిపిస్తుంది. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. కాబట్టి మండువేసవిలో కాకుండా చలికాలంలో చేయించుకోవటం సుఖం. స్టిరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఒక హెచ్చరిక. ‘అలర్జీ ప్యానెల్’ పేరుతో చేసే ఐజీఈ రక్తపరీక్షలు ఈ జబ్బును పట్టుకోలేవు. అవి తుమ్ములు, ఆయాసం, వెంటనే వచ్చే దద్దుర్ల వంటి అలర్జీలకు ఉద్దేశించినవి. ఇక్కడ పని చేస్తున్నవి యాంటీబాడీలు కాదు, టి కణాలు. వేలు పోసి తప్పు పరీక్ష చేయించుకునే ముందు ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. శ్రీకాకుళం, విశాఖల్లోని బోధనాసుపత్రుల చర్మవ్యాధుల విభాగాల్లో విచారించొచ్చు.

చికిత్సలో సగం పక్కన పెట్టటమే

దండును రేపుతున్న లోహాన్ని ఒంటి మీంచి తీసేయకుండా ఎన్ని మందులు వాడినా ఫలితం నిలవదు. తీసేశాక వైద్యులు కొద్దిరోజులకు తగిన బలమున్న స్టిరాయిడ్ పూత మందు ఇస్తారు. ముఖం, మెడ వంటి సున్నితమైన చోట్ల టాక్రోలిమస్ వంటివి సూచించొచ్చు. రసి కారుతుంటే చల్లటి తడిగుడ్డ వేయటం హాయినిస్తుంది. చర్మం గోడ తిరిగి కట్టుకోవటానికి మాయిశ్చరైజర్ రోజుకు రెండు మూడుసార్లు రాయాలి. పసరు, సున్నం, వెల్లుల్లి వంటివి పూయొద్దు. పుండు మీద పుండు అవుతుంది. దద్దు తగ్గినా నల్లమచ్చ కొన్ని నెలలు ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, నెమ్మదిగా పోతుంది.

చీము, జ్వరం, కనురెప్పల వాపు, ఒళ్లంతా దద్దు ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి.

నగలు కొనేటప్పుడు

* 22 క్యారెట్ల బంగారంలో 91.6 శాతం పసిడి. మిగిలింది సాధారణంగా వెండి, రాగి. మనలో చాలామందికి ఇది పడుతుంది. హాల్‌మార్క్ గుర్తు బంగారం శాతాన్ని చెబుతుంది. మిగతా లోహమేంటో చెప్పదు. దాన్ని దుకాణంలో అడిగి తెలుసుకోవాలి.
* తెల్ల బంగారంలో నికెల్ కలిపి ఉండొచ్చు. కొనేముందు అడగండి.
* గిల్టు నగ పెట్టుకోక తప్పకపోతే పెళ్లి తంతు వరకే పెట్టుకుని, చెమట పట్టకముందే తీసేయండి. వెనకవైపు రంగులేని గోళ్లరంగు పూస్తే కొన్ని గంటలు అడ్డుగా ఉంటుంది. అది అరిగిపోతుంది, కాబట్టి ప్రతిసారీ పూయాలి.
* అలర్జీ తేలినవారు ఆన్‌లైన్‌లో దొరికే నికెల్ స్పాట్ టెస్ట్ కిట్ వాడొచ్చు. దూదిపుల్ల మీద చుక్క వేసి నగను రుద్దితే, నికెల్ విడుదలవుతుంటే దూది గులాబీ రంగుకు మారుతుంది. మచిలీపట్నం రోల్డ్‌గోల్డ్ అయినా, పట్నం నుంచి తెచ్చిన ఫ్యాషన్ నగ అయినా పేరు చూసి కాదు, పరీక్షించి నమ్మాలి.
* తాళికి పిన్నీసులు తీసేసి, చిన్న సంచిలో పెట్టుకోండి. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు.

మీ సందేహాలు

ఇరవై ఏళ్లుగా ఇదే వాచీ పెట్టుకుంటున్నా, ఇప్పుడెందుకు వస్తుంది?

అలర్జీ పుట్టుకతో రాదు, పరిచయంతో వస్తుంది. ఏళ్లపాటు ఓర్చుకున్న ఒళ్లు ఏదో ఒకరోజు ఎదురుతిరగొచ్చు. గొలుసు పూత అరిగిపోవటం, చర్మం పగలటం, చెమట ఎక్కువ కావటం దీనికి కారణం కావొచ్చు. ‘ఇన్నాళ్లూ ఏం కాలేదు’ అన్నది అలర్జీ లేదనటానికి రుజువు కాదు.

పూర్తిగా నయమవుతుందా?

టి కణాల జ్ఞాపకాన్ని చెరిపేసే మందు ప్రస్తుతం లేదు. కానీ లోహం తగలకుండా చూసుకుంటే దద్దు లేకుండా జీవితాంతం హాయిగా ఉండొచ్చు.

తిండి మానేయాలా?

చాలామందికి అక్కర్లేదు. జీడిపప్పు, వేరుసెనగ, పప్పులు, సోయా, ఓట్స్, చాక్లెట్లలో నికెల్ కాస్త ఎక్కువ. ప్యాచ్ టెస్ట్‌లో నికెల్ అలర్జీ తేలి, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా అరచేతుల్లో పొక్కులు తగ్గనివారికి మాత్రం వైద్యులు కొన్ని వారాలు వీటిని తగ్గించి చూడమనొచ్చు. సొంతంగా పప్పులు మానేస్తే, ముఖ్యంగా పిల్లల్లో, ప్రొటీన్ లోపం మిగులుతుంది. ఇనుము లోపమున్నప్పుడు పేగులు నికెల్‌ను ఎక్కువగా పీల్చుకుంటాయి. కాబట్టి రక్తహీనత ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి. కొత్త స్టీలు గిన్నెలో పులుపు ఎక్కువసేపు ఉడికిస్తే నికెల్ కొద్దిగా దిగుతుంది. టమాటా సాస్‌తో చేసిన ప్రయోగంలో వండిన కొద్దీ ఇది తగ్గుతూ వచ్చింది. అలర్జీ తీవ్రంగా ఉన్నవారు చింతపండు పులుసును మట్టిపాత్రలో కాచుకోవచ్చు. మిగతావారికి ఈ బెంగ వద్దు.

మోకీలు మార్పిడి, పళ్లకు క్లిప్పులు పెట్టించుకోవచ్చా?

అలర్జీ ఉన్న చాలామంది వీటిని ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. కానీ శస్త్రచికిత్సకు ముందే వైద్యులకు చెప్పాలి. అవసరమైతే టైటానియం వంటి ప్రత్యామ్నాయాలు చూస్తారు.

చర్మం ఊరికే దురదపెట్టదు. అది ఏదో చెబుతుంటుంది. ఈసారి ఇంట్లో ఎవరికైనా ఒకేచోట మళ్లీ మళ్లీ దద్దు వస్తే క్రీము గొట్టం కోసం వెతికేముందు, ఆ చోట గత మూడు రోజుల్లో ఏ లోహం ఆనుకుందో ఒక్కసారి ఆలోచించండి. జవాబు తరచూ మీ పెట్టెలోనో, బెల్టులోనో, తాళికి వేలాడే పిన్నీసులోనో దొరుకుతుంది.